మోక్షగుండము విశ్వేశ్వరయ్య

పూర్వము వేసవి దినములలో శారదానది యిసుకతిన్నెలపై నడచిన వారికి ఒక దృశ్యము తరచుగా కనబడెడిది. పైన నీటిచుక్క యుండదు. ఇసుక నిప్పువలె కాలుచుండును. అయినను చుట్టుప్రక్కల పల్లెల స్త్రీలు బిందెలతో వచ్చి, ఆ యిసుకను చేతులతో తోడి చిన్న చెలమ త్రవ్వెడివారు. కొంతసేపటికి అందు నీరూరెడిది. మొదటి మడ్డినీటిని పారబోసి, పిమ్మట ఊరిన తేటనీటిని ముంతతో ముంచి బిందె నింపుకొనెడివారు. వరద దినములలో ఎర్రగా ప్రవహించిన నీరే యిసుకపొరలలో వడియగట్టబడి అట్లు నిర్మలమగుచుండెను.

ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము ప్రాంతమున అక్షరము రాని తల్లులకు సైతము తెలిసిన విద్య యిది. ఈ సూత్రమునే ఇంజనీరింగు కళాశాలలో చదివిన ఒక యువకుడు ఒక పట్టణమునకంతకును మంచినీరిచ్చుటకు వినియోగించెను. పెద్ద చదువు చదివినవాడు చిన్న చెలమను చులకన చేయక, దానికి కొలతలు, లెక్కలు చేర్చి లోకోపకారముగ మలచెను. ఆ మహనీయుడే మోక్షగుండము విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన మైసూరు రాజ్యమందలి చిక్కబళ్ళాపురమునకు సమీపమున గల ముద్దెనహళ్ళి గ్రామమున జన్మించెను. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. వారిది తెలుగు కుటుంబము. వారి పూర్వులు మన గిద్దలూరు, కంభము ప్రాంతమునందలి మోక్షగుండము గ్రామమునుండి వలసపోయినవారు. ఆ యూరి పేరే వారికి ఇంటిపేరయినది. విజయనగర రాజుల కాలమునాటి గొప్ప చెరువు కంభమున నేటికిని కలదు. నీటి విలువ నెరిగిన సీమనుండి పోయిన కుటుంబమున నీటికొరకే జీవితమును ధారవోసిన పుత్రుడు పుట్టుట ముచ్చటయైన విషయము.

బాల్యముననే విశ్వేశ్వరయ్యకు పితృవియోగము కలిగెను. కుటుంబము పేదది. చదువుపై గల ఆసక్తిచే ఆ బాలుడు బెంగుళూరు చేరి సెంట్రల్ కళాశాలలో ప్రవేశించెను. ఒక సంపన్నుని యింట పిల్లలకు పాఠములు చెప్పి, ఆ వచ్చిన దానితో కాలము గడుపుచు, తాను చదువుకొనెను. 1881లో బి. ఏ. పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. ఇంజనీరు కావలెనని ఆయన కోరిక. కాని ఆ చదువు చెప్పు కళాశాల దూరమున పూనా నగరమందుండెను. అంతదూరము పోయి చదువుటకు ధనమెక్కడిది?

అట్టి సమయమున మైసూరు ప్రభుత్వము ఆయనకు విద్యార్థివేతనము మంజూరు చేసెను. అది రాజ్యపు బొక్కసమునుండి వచ్చిన సొమ్ము. అనగా పొలము దున్నిన రైతులు, మగ్గము నేసిన నేతగాండ్రు కట్టిన పన్నుల సొమ్ము. బొంబాయి విశ్వవిద్యాలయమునకు చెందిన పూనా సైన్సు కళాశాలలో చేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథముడుగా నిలిచి, బహుమానము నందుకొనెను. ప్రజల సొమ్ముతో నేర్చిన విద్య ప్రజలకు ఋణపడిన విద్య. ఆ ఋణమును విశ్వేశ్వరయ్య యెట్లు తీర్చెనో తెలిపెడి కథయే ఆయన జీవితచరిత్రము.

1884లో ఆయన బొంబాయి ప్రభుత్వపు మరామతు శాఖలో సహాయ ఇంజనీరుగా చేరెను. పది సంవత్సరముల పిమ్మట ఆయనను సింధు దేశమందలి సుక్కూరు పట్టణమునకు పంపిరి. అది యిప్పుడు పాకిస్తానులో నున్నది. పట్టణము ప్రక్కనే సింధునది ప్రవహించుచుండెను. కాని ఆ నీరు మిక్కిలి బురదగా నుండుటచే త్రాగుటకు యోగ్యము గాకుండెను. నీటిని వడియగట్టుటకు పెద్ద తొట్లు నిర్మింప పురపాలక సంఘము వద్ద ధనము లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భముననే బావి త్రవ్వించి, దానినుండి నది క్రిందుగా సొరంగమార్గము తీయించెను. ఇసుకలోనుండి దిగిన తేటనీరు బావిలో చేరెను. దానిని యంత్రములతో పైకి తోడించి పట్టణమునకు పంపెను. వడియగట్టు పనిని నదియే చేసిపెట్టినది. తరువాత 1906లో ఏడెను రేవునకు మంచినీటి మార్గము చూపవలసి వచ్చినప్పుడును, ఆయన దూరముననున్న నదీగర్భపు ఇసుకలోని నీటినే సూచించెను. ప్రకృతిని ఎదిరింపక, దాని పద్ధతిని గ్రహించి పని చేయించుకొనుటయే తెలివియని ఈ పనులు నిరూపించుచున్నవి.

పూనా పరిసరములలో ఆయన చేసిన పనులు మరింత ప్రసిద్ధములు. నగరమునకు నీరిచ్చు ఖడక్‌వాస్లా జలాశయము వర్షాకాలమున నిండి పొర్లిపోవుచుండెను. వేసవిలో నీరు చాలకుండెను. ఆనకట్టను ఎత్తు చేయుదమన్న పాతగోడ ఆ బరువును మోయగలదో లేదో యను సందేహము. విశ్వేశ్వరయ్య పొర్లుకట్టపై స్వయముగా తెరచుకొనెడి తలుపులను అమర్చెను. నీరు నిర్ణీతమైన మట్టమునకు చేరువరకు తలుపులు మూసికొనియుండి నీటిని నిలుపును. ఆ మట్టము దాటగనే బరువుల తూకము మారి తలుపులు వాటంతట అవియే తెరచుకొని అధికజలమును విడిచివేయును. నీరు తగ్గగనే మరల మూసికొనును. కావలివాడు నిద్రించినను తలుపు నిద్రింపదు. 1903లో అమర్చిన ఈ తలుపులవలన ఆనకట్టను పెంచకయే నీటినిలువ పెరిగెను.

అంతకు కొలది సంవత్సరముల ముందు దక్కను కాలువల క్రింది సేద్యమును చూచి ఆయన విచారించెను. కాలువ మొదట నున్న రైతులు చెరకు వేసి నీటిని విచ్చలవిడిగా వాడుకొనుచుండిరి. కాలువ చివర నున్నవారి పైరులు ఎండుచుండెను. నీరు ఎక్కువైన పొలములలో ఊట పైకి వచ్చి, భూమి చవుడు బారి, దోమలు ప్రబలుచుండెను. ఒకచోట నీరులేక నష్టము. వేరొకచోట నీరెక్కువై నష్టము. చెరకు పండించెడి చోడవరపు సీమలోని పిల్లలకు ఆ పైరు ఎంత నీరు త్రాగునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ లోపమును తొలగించుటకు విశ్వేశ్వరయ్య బ్లాకు పద్ధతిని రూపొందించెను. కాలువ క్రింది భూమిని కొన్ని ఖండములుగా విభజింపవలెను. ఒక్కొక్క ఖండమున కొంతభాగమున చెరకువంటి నీటిపైరు, కొంతభాగమున వర్షకాలపు పైరు, మిగిలిన భాగమున కొద్దినీటితో పండు మెట్టపైరు వేయవలెను. ఏటేట ఈ పైరులను ఒక భాగమునుండి మరియొక భాగమునకు మార్చుచుండవలెను. ఇందువలన నీరు ఎక్కువమందికి అందును, భూమికి విశ్రాంతి దొరకును, చవుడు తగ్గును. క్రొత్త పద్ధతియనగనే రైతులు మొదట భయపడి ఎదిరించిరి. ఆయన అధికారముతో గద్దింపక, వారిని సమావేశపరచి ఓపికతో వివరించి చెప్పెను.

1908లో ఆయన బొంబాయి కొలువు విడిచెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరమున ఘోరవిపత్తు సంభవించెను. కుంభవృష్టి కురిసి మూసీనది పొంగెను. నదికి ఎగువనున్న చెరువులలో రెండువందలకు పైగా తెగిపోయెను. ఒక చెరువు తెగి దిగువ చెరువుపై పడగా అదియు తెగెను. ఆ రెంటి నీరు మూడవదానిపై పడెను. ఇట్లు వచ్చిన జలరాశి వంతెనలను దాటి, యిండ్లను కూల్చి, వేలకొలది జనులను పొట్టన బెట్టుకొనెను. నదీతీరమున నున్న ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. తరువాత కట్టిన ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు గలదు.

నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యను ఆహ్వానింపగా, ఆయన 1909లో హైదరాబాదు వచ్చి పరిశీలన ప్రారంభించెను. ముందుగా గోడలు కట్టింపలేదు. ముందుగా లెక్కలు కట్టెను. ఎక్కడ ఎంత వాన కురిసినది, ఏ చెరువు ఎప్పుడు తెగినది, నీరు ఏ వీధిలో ఎంత ఎత్తున నిలిచినది అను విషయములన్నియు సేకరించెను. ఇతర ప్రదేశముల వర్షపాతపు లెక్కలతో పోల్చి, మునుముందు ఎంత వరద రావచ్చునో అంచనా వేసెను. వరద నీటిని నగరమున అడ్డగింప యత్నించుట వ్యర్థమనియు, నగరమునకు ఎగువననే పట్టి నిలిపి మెల్లమెల్లగా విడువవలెననియు నిర్ణయించెను.

మూసీపై ఒకటియు, దాని ఉపనదియైన ఈసాపై ఒకటియు జలాశయములను నిర్మింపవలెనని ఆయన సూచించెను. ఆయన ప్రణాళిక ఆధారముగా తరువాతి ఇంజనీర్లు మూసీపై ఉస్మాన్‌సాగరును 1920లోను, ఈసాపై హిమాయత్‌సాగరును 1927లోను పూర్తిచేసిరి. నిన్న ప్రాణములు తీసిన నీరే నేడు నగరమునకు త్రాగునీరయ్యెను. నదికి ఇరుప్రక్కల కట్టలు, తీరమున తోటలు, మురుగునీటికి భూగర్భ కాలువలు ఉండవలెనని కూడ ఆయన చెప్పెను. నూరేండ్లు గడచినను ఆ రెండు జలాశయములు నిలిచియున్నవి. మన శారదానదిపై గల రైవాడ జలాశయము పొలములకును, విశాఖ నగరమునకును నీరిచ్చుచున్నది. ఒకే నీటిని పెక్కు ప్రయోజనములకు పొదుపుగా వాడుట యనగా నేమో ఇట్టివి చూచిన తెలియును.

1909 చివర విశ్వేశ్వరయ్య మైసూరు రాజ్యమునకు చీఫ్ ఇంజనీరుగా వచ్చెను. తనకు చదువు చెప్పించిన రాజ్యమునకు సేవచేయు అవకాశము లభించెను. కన్నంబాడి వద్ద కావేరికి అడ్డముగా కృష్ణరాజసాగరమను మహాసేతువు నిర్మాణము 1911లో ప్రారంభమయ్యెను. ఆనాడు మనదేశమున సిమెంటు తయారీ మిక్కిలి తక్కువ. విదేశములనుండి తెప్పించుట వ్యయకారణము. అందుచే సున్నము, ఇటుకపొడి కలిపిన సుర్కీ గారతోడను, స్థానికముగ దొరకిన రాతితోడను ఆ ఆనకట్టను కట్టిరి. మన పెద్దలు కోటలకు, గుడులకు వాడిన గారయే నవీన గణితముతో కలిసి కావేరిని నిలిపెను. శివసముద్రము విద్యుత్కేంద్రమునకు ఏడాది పొడవున నీరందెను. మండ్య ప్రాంతపు మెట్టభూములు పచ్చబడెను.

1912లో ఆయన మైసూరు దివానయ్యెను. ఆనకట్టలు కట్టినంత మాత్రమున దేశము బాగుపడదనియు, వాటిని నడపగల విద్యావంతులు కావలెననియు ఆయన గుర్తించెను. ఒక్క ఇంజనీరు ఎన్ని ఆనకట్టలు కట్టగలడు? ఒక కళాశాల వేలమంది ఇంజనీర్లను తయారు చేయగలదు. కావున గ్రామములలో ప్రాథమిక పాఠశాలలను విరివిగా స్థాపింపజేసెను. వ్యవసాయము నేర్పు పాఠశాల నేర్పరచెను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసెను. 1917లో బెంగుళూరున ఇంజనీరింగు కళాశాల ప్రారంభమయ్యెను. ఒకప్పుడు ఇంజనీరింగు చదువుటకై ఒక పేదబాలుడు మైసూరు విడిచి పూనా పోవలసివచ్చెను. ఆ బాలుడే పెద్దవాడై, తరువాతి బాలురకు ఆ ప్రయాస లేకుండ చేసెను. ఆ కళాశాలకు పిమ్మట ఆయన పేరే పెట్టిరి.

ప్రభుత్వోద్యోగ నియామకముల విషయమున మహారాజుతో అభిప్రాయభేదము కలుగగా 1918లో ఆయన దివాను పదవిని విడిచెను. పదవి పోయినను పని విడువలేదు. భద్రావతి ఇనుప కర్మాగారము కష్టములలో నున్నప్పుడు దాని భారము వహించి చక్కబెట్టెను. ఆ పనికై తనకు రావలసిన పారితోషికమును తాను తీసికొనక, యువకులకు వృత్తివిద్య నేర్పు సంస్థకు వినియోగింప కోరెను. అట్లు 1943లో బెంగుళూరున వెలసిన సంస్థకు తనపేరు వలదని, మహారాజు జయచామరాజేంద్రుని పేరు పెట్టించెను. విద్యార్థివేతనముగా పుచ్చుకొన్న సొమ్మును విద్యాలయ రూపమున ఇబ్బడిముబ్బడిగా తిరిగి యిచ్చెను.

విద్యార్థులారా! మహాపురుషుల చరిత్ర చదువునప్పుడు వారి పనులకైన వెలను కూడ తెలిసికొనవలెను. కృష్ణరాజసాగరము నిండినప్పుడు కన్నంబాడియు, మరికొన్ని గ్రామములును నీట మునిగెను. తాతముత్తాతల యిండ్లు విడిచి జనులు వేరుచోట్లకు తరలిపోయిరి. భద్రావతి కొలుములకు అడవి చెట్ల బొగ్గు ఇంధనమయ్యెను. కావేరి నీటికై మైసూరు, మద్రాసు ప్రభుత్వముల నడుమ వివాదము రేగి 1924లో ఒడంబడిక జరిగెను. పైరు పండినచోట కృతజ్ఞతయు, ఇల్లు మునిగినచోట కన్నీరును ఒకే ఆనకట్టనుండి వచ్చును. ఈ రెండింటిని తూచి చూచుట నేటి ఇంజనీరు నేర్వవలసిన పాఠము. నదికి ఎంత అడ్డు, అడవికి ఎంత నష్టము, నిర్వాసితునికి ఏమి ఆధారము అని ప్రశ్నింపని విద్య సగము విద్య.

నేడు సుస్థిరాభివృద్ధి యను మాట వాడుకలోనికి వచ్చినది. నేటి మన అవసరములు తీరవలెను. కాని రేపటి బిడ్డల అవసరములకు భంగము కలుగరాదని దాని భావము. విశ్వేశ్వరయ్య కాలమున ఈ మాట లేదు. అయినను ఆయన మేలైన పనులలో ఆ భావము గలదు. ఇసుకతో నీటిని వడియగట్టుట, ఉన్న ఆనకట్టతోనే నిలువ పెంచుట, కాలువ చివరి రైతునకు నీరందించుట, భూమి చవుడు బారకుండ కాపాడుట, వరదను త్రాగునీరుగా మార్చుట, దగ్గర దొరకిన సామగ్రితో కట్టుట - ఇవన్నియు దానికి ఉదాహరణములు. కట్టిన కట్టడము పాడుగాక నిలుచుట మాత్రమే సుస్థిరత కాదు. దానివలన భూమి, నీరు, మనుష్యుడు చెడక నిలుచుట నిజమైన సుస్థిరత.

1955లో భారత ప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదమిచ్చి గౌరవించెను. నూరేండ్ల పండుగ చూచిన ఆ వృద్ధుడు 1962 ఏప్రిల్ నెలలో బెంగుళూరున కన్నుమూసెను. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని మనదేశమున ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు.

ఇప్పుడు మన రాష్ట్రమున ఇంజనీరింగు కళాశాలలకు కొదువ లేదు. పల్లెటూళ్ళ పిల్లలు సైతము ఏటేట వాటిలో చేరుచున్నారు. పెద్ద జీతము, దూరదేశపు కొలువు అందరి కన్నులకును కనబడును. అందు తప్పు లేదు. అయితే ఊరి చెరువు పూడిపోవుచున్నదేల? తూముకడ నీరు వృథాయగుచున్నదేల? చివరి మడి ఎండుచున్నదేల? ఈ ప్రశ్నలను తమ చదువుతో ముడివేసి చూచువారు కావలెను. మీలో నొకరు రేపు ఇంజనీరింగు చదివి, సెలవులకు ఊరికి వచ్చినప్పుడు, శారదానది యొడ్డున ఒక్కక్షణము నిలిచి ఇసుకను చేతితో తోడి చూడవలెను. ఆ చెలమలో ఊరు తేటనీరు విశ్వేశ్వరయ్య చదివిన మొదటి పాఠమును మీకును చెప్పును. ఆ పాఠమును విన్నవారు తమ విద్యాఋణమును తప్పక తీర్పగలరు.